బోర్డు మీద వాలిన అక్షరం: బోల్డ్ ఇటాలిక్ సాన్స్ సెరిఫ్ ఇంగ్లిష్‌కు నప్పి, తెలుగుకు ఎందుకు నప్పదు?

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఫ్లెక్సీ షాపుల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. "పైన ఒడియా, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లిష్. మూడింటికీ అదే స్టైల్ పెట్టు బాబూ." ఆ స్టైల్ ఏదని అడిగితే చాలామంది చూపించేది ఇంగ్లిష్ లైనే. లావుగా ఉండి, కుడివైపుకి వాలి, కొసల్లో తోకల్లేని అక్షరం. కంప్యూటర్లో దాన్ని బోల్డ్ ఇటాలిక్ సాన్స్ సెరిఫ్ అంటారు. ఇంగ్లిష్‌లో అది చురుగ్గా కనిపిస్తుంది. తెలుగు లైన్‌కి వచ్చేసరికి గుడులు ఒక పక్కకి, ఒత్తులు ఇంకో పక్కకి పోతాయి. డబ్బులిచ్చినాయన బాగోలేదంటాడు, చేసినాయన మీరు చెప్పిందే చేశానంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఎందుకో తెలియాలంటే కంప్యూటర్లో ఆ స్టైల్ బటన్ నొక్కినప్పుడు అక్షరానికి ఏం జరుగుతుందో చూడాలి.

ఒక పేరులో మూడు సంగతులు

సెరిఫ్ అంటే ఇంగ్లిష్ అక్షరాల గీతల చివర ఉండే చిన్న అడ్డగీత. టైమ్స్ ఫాంట్‌లో పెద్దబడి 'ఐ' చూస్తే తలమీదా పాదాల దగ్గరా అది కనిపిస్తుంది. ఆ గీతలు లేని అక్షరాలు సాన్స్ సెరిఫ్. ఏరియల్, హెల్వెటికా, కాలిబ్రి ఈ జాతివి.

బోల్డ్ అంటే గీత మందం. వెబ్ పేజీలు తయారుచేసేవాళ్లు దీన్ని అంకెల్లో చెబుతారు: మామూలు అక్షరం 400, బోల్డ్ 700. గీత లావెక్కినా అక్షరం ఎత్తు పెద్దగా పెరగదు. కాబట్టి ఆ లావంతా చాలావరకు లోపలి ఖాళీనే తింటుంది. తెలుగు దగ్గరికి వచ్చాక ఈ సంగతితో పని పడుతుంది.

ఇటాలిక్ అంటే వాలు అక్షరం. మూడింటిలో ఇదే పాతది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన వర్జిల్ కావ్యాలతో ఇది పుస్తకంలోకి వచ్చింది. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. అప్పట్లో ఇది ఒక మాటను నొక్కి చెప్పడానికి వాడే అక్షరం కాదు, పుస్తకం మొత్తం అందులోనే ఉండేది. చేతిరాతను పోలిన ఆ అక్షరాలకు నిటారు అక్షరాల పక్కన తోడుగా ఉండే పని తర్వాత వచ్చింది.

సాన్స్ సెరిఫ్ అచ్చు 1816లో లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ నమూనాలో కనిపిస్తుంది, అదీ పెద్దబడి అక్షరాల్లో మాత్రమే. మామూలు అక్షరాల మధ్య ఒక మాటను లావుగా చూపించే పద్ధతికి 1845లో రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ బాట వేసింది. నిఘంటువుల్లో మాటలు ఎత్తి చూపడానికి అది బాగా పనికొచ్చింది. అంటే వాలు, తోకల్లేమి, లావు మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు పుట్టాయి. మామూలు, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ అని నలుగురూ ఒక కుటుంబంగా కంప్యూటర్ మెనూలో కూర్చోవడం చాలా తర్వాతి మాట.

వాల్చినదంతా ఇటాలిక్ కాదు

వాలు అక్షరం రెండు రకాలు. ఒకటి నిజమైన ఇటాలిక్. ఇందులో అక్షరం ఆకారమే మారుతుంది. గిల్ సాన్స్‌లో ఇంగ్లిష్ చిన్నబడి 'ఏ' నిటారుగా ఉన్నప్పుడు రెండంతస్తులుగా ఉంటుంది, ఇటాలిక్‌లో చేత్తో రాసినట్టు ఒక్క అంతస్తే. రెండోది ఒబ్లిక్. ఇందులో ఆకారం అదే, ఒరుగుతుంది అంతే. ఏరియల్ ఇటాలిక్ అనే పేరుతో ఉన్నా అందులో 'ఏ' రెండంతస్తులుగానే ఉంటుంది. 1957లో ఏడ్రియన్ ఫ్రుటిగర్ గీసిన యూనివర్స్ కుటుంబంలో ఫాంట్లను అంకెలతో గుర్తించారు: 55 మామూలు, 56 వాలు, 65 లావు, 66 లావూ వాలూ కలిసినది. సాన్స్ సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్‌లలో చాలామటుకు ఈ 66 బాపతే, అంటే ఒబ్లిక్‌లే.

ఒబ్లిక్ అయినా మంచి ఫాంట్‌లో అది మనిషి సరిదిద్దినది. మూడో రకం కూడా ఉంది, గొడవంతా దానితోనే. ఫాంట్‌లో వాలు అక్షరాలు అసలు లేనప్పుడు సాఫ్ట్‌వేరే ఉన్న అక్షరాన్ని లెక్క వేసి ఒరిగిస్తుంది. వెబ్ పేజీల ప్రమాణంలో ఈ ఒరిగింపుకి మామూలు కోణం 14 డిగ్రీలు. మెనూలో మాత్రం ఈ మూడు రకాలకీ ఒకటే బటన్.

దీనికి పనెక్కడ

కిరాణా కొట్టు గల్లాపెట్టె ముందున్న క్యూఆర్ స్టిక్కర్ చూడండి. యూపీఐ అక్షరాలు లావుగా, వాలి ఉంటాయి. రూపే కార్డు మీద పేరూ అంతే, వీసా కూడా అంతే. డబ్బు ముందుకి కదులుతోందనే భావం ఆ వాలులో ఉంది. ఎడమ నుంచి కుడికి చదివే కంటికి కుడివైపు వంగిన ఆకారం ముందుకి పోతున్నట్టు అనిపిస్తుంది. లావు దానికి బలం ఇస్తుంది. తోకలు లేకపోవడం వల్ల దూరం నుంచీ, చిన్న సైజులోనూ ఆనవాలు దొరుకుతుంది. కొరియర్ కంపెనీలు, ఆటల సామాన్లవాళ్లు, బళ్లవాళ్లు దీన్ని ఇష్టపడడానికి కారణం ఇదే. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ ఎర్రటి పట్టీల మీద తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఒబ్లిక్‌లో రాసిన వాక్యాలు గద్దించినట్టు ఉండడం వెనకా ఈ మూడు గుణాలే ఉన్నాయి.

పేజీలకు పేజీలు చదవాల్సిన చోట ఇది పనికిరాదు. అన్నీ లావుగా ఉంటే ఏదీ లావుగా కనిపించదు, పైగా వాలు కంటిని అలసిపెడుతుంది. చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ చేసిన సూచనల్లో సాన్స్ సెరిఫ్ వాడమనీ, ఇటాలిక్ మానమనీ, నొక్కి చెప్పాలంటే బోల్డ్ వాడమనీ ఉంది. మన స్టైల్‌లోని మూడు గుణాల్లో రెంటిని ఒప్పుకుని మూడోదాన్ని పక్కన పెట్టారన్నమాట.

గణితంలో దీనికి ఒక కచ్చితమైన ఉద్యోగం ఉంది. భౌతికశాస్త్రంలో వచ్చే టెన్సర్లు అనే రాశులను బోల్డ్ ఇటాలిక్ సాన్స్ సెరిఫ్‌లో రాయాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 80000లోని రెండో భాగం చెబుతుంది. వెక్టర్ అనే ఇంకో రకం రాశి కూడా బోల్డ్ ఇటాలిక్కే, కానీ సెరిఫ్‌తో. తోక ఉందా లేదా అన్నదాన్నిబట్టి అది ఏ రాశో తెలిసిపోతుంది. ఇలాంటి చోట అక్షరం స్టైల్ అందం కోసం కాదు, అర్థంలో భాగం. అందుకే కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక స్థానం కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో, 2001 నాటి 3.1 రూపంలో, ఈ గణిత అక్షరాలకు విడిగా స్థానాలు ఇచ్చారు.

ఇన్‌స్టాగ్రామ్ బయోల్లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో కుర్రాళ్లు పెట్టే లావుపాటి వాలు ఇంగ్లిష్ పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. "స్టైలిష్ ఫాంట్" అనే యాప్‌లో పేరు కొడితే అది ఫాంట్ మార్చదు, మామూలు అక్షరాల బదులు గణిత చిహ్నాలు పెడుతుంది. చూపు లేనివాళ్లు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అవి ఒక పేరుగా అర్థం కావు. ఒక్కో అక్షరాన్ని గణిత చిహ్నంగా చదువుతూ పోవచ్చు, లేదా మొత్తానికే వదిలేయవచ్చు. పాత ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి. అదే యాప్‌లో తెలుగు పేరు కొడితే ఏమీ మారదు. తెలుగు అక్షరాలను గణిత చిహ్నాలుగా వాడే ఆనవాయితీ లేదు కాబట్టి వాటికి అలాంటి రెండో సెట్టు యూనికోడ్‌లో లేదు. యాప్ పాడైందని అనుకోనక్కర్లేదు.

ఒరిగిస్తే తెలుగు అక్షరానికి ఏమవుతుంది

ఒక మిఠాయి కొట్టు బోర్డు తీసుకుందాం. ఇంగ్లిష్‌లో స్వీట్స్ అని అన్నీ పెద్దబడి అక్షరాలు, ఎత్తు 20 సెంటీమీటర్లు. 14 డిగ్రీలు ఒరిగిస్తే ప్రతి 4 సెంటీమీటర్ల ఎత్తుకి అక్షరం దాదాపు 1 సెంటీమీటర్ కుడికి జరుగుతుంది. పాదం కదలదు, తల 5 సెంటీమీటర్లు కుడికి పోతుంది. కింద వేలాడేవి ఏవీ లేవు. అంతా పద్ధతిగా ఉంటుంది.

ఇప్పుడు తెలుగులో "స్వీ" చూడండి. స ఒళ్లు అదే 20 సెంటీమీటర్లు అనుకున్నా, దాని మీద గుడి దీర్ఘం ఉంది, కింద వ ఒత్తు ఉంది. గుడి దీర్ఘం పైకొస 28 సెంటీమీటర్ల ఎత్తులో, ఒత్తు అడుగు గీతకి 12 సెంటీమీటర్ల దిగువన ఉన్నాయనుకోండి. అదే 14 డిగ్రీలకు పైకొస 7 సెంటీమీటర్లు కుడికి, ఒత్తు అడుగు 3 సెంటీమీటర్లు ఎడమకి జరుగుతాయి. మొత్తం తేడా 10 సెంటీమీటర్లు. ఇంగ్లిష్‌లో 5. కోణం ఒకటే అయినా తెలుగు అక్షరం పైకీ కిందికీ మేడ కట్టుకుని ఉంటుంది కాబట్టి చెదురు రెట్టింపు. పక్కనే ఉన్న "ట్స్" కింద స ఒత్తు ఎడమకి, పైన పొల్లు కుడికి పోతాయి. ఒత్తు ఏ అక్షరానిదో ఒక క్షణం ఆలోచించాల్సి వస్తుంది.

రెండో ఇబ్బంది గుండ్రదనంతో. వృత్తాన్ని ఇలా ఒరిగిస్తే అది ఏటవాలు కోడిగుడ్డు ఆకారం అవుతుంది, గీత మందం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పదం మధ్యలో సున్నా ఉందనుకుందాం, గీత మందం 4 సెంటీమీటర్లు. ఒరిగించాక కుడి పైభాగంలో, ఎడమ కింది భాగంలో ఆ మందం సుమారు 4.5కి పెరుగుతుంది. ఎడమ పైన, కుడి కింద 3.5కి తగ్గుతుంది. ఇంగ్లిష్ 'ఓ' అక్షరానికీ ఈ బాధ ఉంది. మంచి ఒబ్లిక్ గీసేవాళ్లు దాన్ని చేత్తో సరిచేస్తారు. ఇంగ్లిష్‌లో అలాంటి అక్షరాలు కొన్నే, నిలువు గీతలవి బోలెడు. ఆ నిలువు గీతలన్నీ ఒకే కోణంలో వంగబట్టే కంటికి వాలు అని తెలుస్తుంది. క, న, స, రలలో నిలువు గీత కోసం వెతకండి, దొరకదు. కాబట్టి తెలుగులో వాలు వాలుగా కనిపించకుండా నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది.

తలకట్టు సంగతి మరీను. అది టిక్కు గుర్తులా రెండు చేతులున్న గీత. కుడి చెయ్యి 45 డిగ్రీల్లో లేచి ఉందనుకుంటే ఒరిగింపు తర్వాత 39 డిగ్రీలకి పడుకుంటుంది. ఎడమ చెయ్యి 53 డిగ్రీలకి లేచి, పొట్టిదవుతుంది. తెలుగు రాతకి అందం తెచ్చేదే ఆ తలకట్టు. దాని ఒడుపు పోతే అక్షరం మొత్తం ఎవరిదో అనిపిస్తుంది.

ఒడియాకి కూడా గుండ్రదనం ఉంది, దాని ఇబ్బంది మాత్రం వేరే చోట. చాలా ఒడియా అక్షరాలకి పైన ఒకేలాంటి గొడుగు ఉంటుంది, తేడా చూపేది కింది చిన్న భాగం. లావు పెంచి ఒరిగిస్తే గొడుగే బోర్డంతా ఆక్రమించి ఆ చిన్న తేడా నలిగిపోతుంది. మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెలుగు పక్కన ఉండేది మరాఠీ. దేవనాగరి తలగీత అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒరిగించినా చెక్కుచెదరదు, నిలువు గీతలు ఇంగ్లిష్‌లాగే సమాంతరంగా వంగుతాయి. ఒకే బటన్ నొక్కినా సిరోంచ బోర్డులో మరాఠీ లైన్ నిలదొక్కుకుంటుంది, తెలుగు లైన్ తేలిపోతుంది.

లావులోనూ ఒక చిక్కు

బోల్డ్ విషయంలో తెలుగు పరిస్థితి నయం. విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంట్‌లో బోల్డ్ విడిగా గీసి ఉంది. నోటో సాన్స్ తెలుగులోనూ, ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ చేసిన అనేక్ తెలుగులోనూ సన్నం నుంచి బాగా లావు దాకా రకాలున్నాయి. వీటిలో దేనికీ ఇటాలిక్ లేదు. రామభద్ర ఫాంట్ పుట్టుకతోనే లావు, శీర్షికల కోసం గీసినది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు పేరుతో కూడా శీర్షికలకు పనికొచ్చే ఫాంట్ ఉంది. అందులో ఉన్నది ఒక్క రూపమే. ఇలాంటి ఫాంట్ మీద బోల్డ్ కోసం బి బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరం అంచుల్ని గుడ్డిగా ఉబ్బిస్తుంది.

ఆ ఉబ్బు ఎక్కడ దెబ్బ కొడుతుందంటే థ, ఠల దగ్గర. థ లోపల చుక్క ఉంటుంది, ఠ లోపలా ఉంటుంది. ఉబ్బిన గీత ఆ చుక్కను మింగేస్తే "మఠం" అనేది "మరం"లా కనబడుతుంది, "కథ" అనే మాటలో చివరి అక్షరం ఏదో తెలియదు. ప, ఫలకీ బ, భలకీ తేడా చూపే చిన్న గీత ఒంటికి అతుక్కుపోతుంది. బోల్డ్ గీసేవాళ్లు చేసే పనల్లా ఆ చుక్కకి చోటు మిగిల్చేలా చుట్టూ ఉన్న గీతను అక్కడ సన్నం చేయడం. అది సాఫ్ట్‌వేర్‌కి చేతకాదు.

డీటీపీ టేబుల్ దగ్గర

సరిహద్దు ఊళ్ల డీటీపీ వాళ్ల పని చాలావరకు కోరల్‌డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో సాగుతుంది. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి. ఇవి యూనికోడ్‌కి ముందు కాలం పద్ధతిలో చేసినవి. అక్షరం, తలకట్టు, ఒత్తు విడివిడి ముక్కలుగా ఉంటాయి, టైప్ చేస్తే ఒకదాని పక్కన ఒకటి చేరి అక్షరంలా కనిపిస్తాయి. ఒకే రంగులో ఉన్నంతసేపు అతుకులు తెలియవు. లావుగా కనబడాలని తెల్లటి అంచు పెట్టగానే తలకట్టుకీ అక్షరానికీ మధ్య తెల్ల గీత తేలుతుంది. అందుకే ముందు వెల్డ్ అనే ఆదేశం కొట్టి ముక్కలన్నీ ఒకటి చేసి, తర్వాత అంచు పెడతారు. పని తెలిసినవాళ్ల బోర్డుకీ తెలియనివాళ్ల బోర్డుకీ తేడా చాలాసార్లు ఈ ఒక్క చోటే బయటపడుతుంది.

రెండు వాదనలు

తెలుగును ఎప్పుడూ ఒరిగించకూడదు అనేవాళ్ల వాదన గట్టిదే. ఇటాలిక్ రోమన్ లిపి చరిత్రలో పుట్టింది. పుస్తకం పేరు చెప్పాలంటే మనకి కొటేషన్ గుర్తులున్నాయి, శీర్షికకి బోల్డ్ ఉంది. మాటను నొక్కి చెప్పడానికి ఇంగ్లిష్ అక్షరాన్ని వాలిస్తే, మనం "నేనే", "అక్కడే" అని మాటలోనే ఆ ఒత్తిడి పెట్టగలం. లేని అవసరానికి అక్షరాన్ని పాడుచేయడం దేనికని వాళ్ల ప్రశ్న.

రెండో వాదన బోర్డులు రాసేవాళ్లది, నాకు అదీ కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు. పుస్తకం వేరు, బజారు వేరు. బస్సు మీద, ఆటల పోటీ బ్యానర్ మీద, సినిమా పోస్టర్ మీద వేగం కావాలి. కుంచెతో రాసిన పాత బోర్డుల్లో వాలు తెలుగు ఉంది, బాగానే ఉంది. దాన్ని దగ్గరగా చూస్తే కిటుకు తెలుస్తుంది. పెయింటర్ అక్షరం ఒంటిని వాల్చాడు, ఒత్తును మాత్రం కంటి అంచనాతో మళ్లీ అక్షరం కిందికే తెచ్చాడు. తలకట్టును ఒరిగించకుండా కొత్తగా కొట్టాడు. అంటే తెలుగుకి వాలు పనికిరాదని కాదు, లెక్కతో వచ్చే వాలు పనికిరాదని. ఇక్కడ నేను పెయింటర్ల పక్షమే.

మూడు లిపులూ ఒకేలా ఉండాలని కోరేవాళ్లది కూడా అర్థం చేసుకోదగ్గ కోరిక. ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ వరసలు సమాన గౌరవంతో కనబడాలి. ఒక భాష హుషారుగా, పక్క భాష బెరుగ్గా ఉంటే చదివేవాళ్లకి చిన్నచూపు చూసినట్టు అనిపిస్తుంది. సరిహద్దు ఊళ్లో అది చిన్న విషయం కాదు.

అదే బోర్డు, నాలుగు దారులు

మిఠాయి కొట్టు బోర్డుకే తిరిగి వద్దాం. మూడు లైన్లకీ బటన్ నొక్కి ఒరిగిస్తే ఖర్చు లేదు, ఫలితం పైన చూశాం.

మూడింటినీ నిటారుగా, ఒకే లావులో పెడితే సమానత్వం వస్తుంది. అనేక్ కుటుంబంలో ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఒకే ఆలోచనతో, ఒకే మందాలతో గీసి ఉన్నాయి. కానీ వేగం ఉండదు.

ఇంగ్లిష్‌ను వాలుగా ఉంచి మిగతా రెంటినీ నిటారుగా పెడితే ప్రతి లిపీ తన తీరులో బాగుంటుంది. అప్పుడు మందం, రంగు కలిపితేనే మూడూ ఒక్క కొట్టువని తెలుస్తుంది.

నాలుగో దారిలో తెలుగు కోణం తగ్గిస్తారు. 14కి బదులు 7 డిగ్రీలు తీసుకుంటే "స్వీ" పైకొస సుమారు 3.5 సెంటీమీటర్లు కుడికి, ఒత్తు 1.5 సెంటీమీటర్లు ఎడమకి జరుగుతాయి. మొత్తం 5. సరిగ్గా ఇంగ్లిష్ అక్షరం 14 డిగ్రీల్లో చెదిరినంత! కోణాలు వేరైనా రెండు లైన్లలోనూ చెదురు సమానం అవుతుంది. ఆ పైన ఒత్తును అక్షరం కిందికి జరిపి, తలకట్టును సరిచేస్తే పెయింటర్ చేసిన పనే కంప్యూటర్ మీద జరిగినట్టు.

ఇది ఫాంట్‌లోనే ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. 2016లో ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫైళ్ల ప్రమాణంలోకి వచ్చిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో మందం, వెడల్పులతో పాటు వాలుకి కూడా ఒక కొలత ఉంది. అనేక్‌లో మందం, వెడల్పు మార్చుకోవచ్చు, వాలు లేదు. ఇంగ్లిష్‌కి పెద్దబడి, చిన్నబడి కలిపి 52 అక్షరాలు దిద్దితే పని చాలామటుకు అయిపోతుంది. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రూపాలు చూసుకోవాలి. బోర్డుకైతే అంత అక్కర్లేదు, ఆ కొట్టు పేరులోని నాలుగైదు అక్షరాలు చాలు. అను ఫాంట్‌లో ముక్కలు విడిగా ఉండడం ఇక్కడ కలిసొస్తుంది: వాక్యాన్ని కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చి, వెల్డ్ కొట్టక ముందే ఒత్తును పట్టుకుని జరపవచ్చు. వెల్డ్ అయ్యాక అక్షరాన్ని తాకే ఒత్తు అందులో కలిసిపోతుంది, విడిగా పట్టు దొరకదు.